భయపడిన పేతురు – నిద్రించిన పేతురు

పాఠ్యభాగములు: లూకా 22:31-34, 54-62; అపొస్తలుల కార్యములు 4:1-31; 12:1-17.
కంఠస్థము చేయవలసినది: 1 పేతురు 3:14, 15.
పాఠోద్దేశము: హింసను గూర్చిన భయము మన సొంత ధైర్యముచేత గాక, దేవునియందలి నమ్మికచేతనే జయింపబడునని గ్రహించుట.



ఈ నెల పాఠమును ఇండ్లలో చదువుకొనునప్పుడు, మొదట బైబిలు తెరచి పై భాగములను ఒకరు బిగ్గరగా చదువగా తక్కినవారు వినవలెనని మా మనవి. చదువురాని పెద్దలు ఇంట నున్నయెడల పిల్లలచేత చదివించుడి. వాక్యము ముందు, వ్యాఖ్యానము తరువాత.

హింస యను మాట వినగానే చెరసాలలు, కొరడాలు, సింహపు గుహలు మనకు జ్ఞాపకము వచ్చును. కాని పల్లెలలో కాపురముండు మనము ఎరిగిన భయము చాలసార్లు అంత పెద్ద వేషముతో రాదు. అది బావియొద్ద మాటలాడుట మానివేసిన పొరుగువారి వేషముతో వచ్చును. నాట్లకును కోతలకును అందరిని పిలిచి మన యిల్లు మాత్రము దాటిపోవు రైతు వేషముతో వచ్చును. మన పిల్లను ఇక ఎవరు చేసికొందురని చీకటిలో ఏడ్చు తల్లి వేషముతో వచ్చును. కొన్ని చోట్ల దెబ్బలును, గృహదహనములును కూడ కలిగినవి. అవి వేరొక చోట జరిగినను, వాటి వార్త వినిన రాత్రి మన యింటిలో కూడ నిద్ర పట్టదు.

నామట్టుకు నేనొక సంగతి ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక కూటమునకు పోవుచు బస్సులో బైబిలు చదువుకొనుచుంటిని. ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి వంగి చూచి, "అదేమి పుస్తకమండీ?" అని అడిగెను. ఆయన కన్నులలో కోపము లేదు, చేతిలో కఱ్ఱ లేదు. అయినను అంతకు ముందు వారమే ఎక్కడనో జరిగిన గలాటాను గూర్చి వినియున్నందున నా గుండె దడదడ లాడెను. "ఏదో పాత పుస్తకమండి" అని చెప్పి దానిని సంచిలో పెట్టుకొంటిని. ఆయన మరేమియు అడుగక, తన ఊరు రాగానే దిగిపోయెను. ఆయన ఎందుకు అడిగెనో నాకు నేటికిని తెలియదు. సంఘమునకు ధైర్యము చెప్పవలసిన నేను ఒక్క ప్రశ్నకు జడిసితిని. కావున ఈ పాఠమును ధైర్యవంతుడొకడు పిరికివారికి వ్రాయుచున్నాడని తలంచకుడి. భయపడినవాడే భయపడువారికి వ్రాయుచున్నాడు.

1. తలుపునొద్దనున్న చిన్నది

పేతురు పుట్టుకతో పిరికివాడు కాడు. గలిలయ సముద్రముమీద రాత్రులు గడిపిన చేపలవాడు. ప్రభువుతో కూడ చెరకైనను చావుకైనను వచ్చెదనని అతడు పలికినప్పుడు (లూకా 22:33) అబద్ధమాడలేదు, మనసారా పలికెను. తోటలో సైనికులు వచ్చినప్పుడు కత్తి దూసి, ప్రధానయాజకుని దాసుడైన మల్కు చెవి నరికినవాడు అతడే (యోహాను 18:10). ఆయుధములు పట్టుకొని వచ్చిన గుంపు ఎదుట నిలిచినవాడు, కొన్ని గడియలకే తలుపునొద్ద కావలియున్న ఒక పనికత్తె ప్రశ్నకు కూలిపోయెను.

ఇది ఎట్లు జరిగెను? లూకా వ్రాసిన వరుసను నిదానించి చూడుడి. ఒలీవల కొండమీద ప్రభువు మెలకువగా నుండి ప్రార్థించుడని చెప్పగా పేతురు నిద్రపోయెను. తరువాత దూరముగా వెంబడించెను. పిమ్మట శత్రువుల ముంగిట మంటయొద్ద, తనవాడనువాడు ఒక్కడును లేనిచోట కూర్చుండెను. అటుపిమ్మట బొంకెను. ప్రార్థన తప్పినది, దూరము పెరిగినది, ఒంటరితనము వచ్చినది, చివరకు నోరు తప్పినది. మన పతనములు కూడ ఈ మెట్లమీదుగానే దిగును గదా.

మరియొక సంగతి గమనింపవలెను. కత్తి దూసిన చేయియు, బొంకిన నోరును ఒక్క మనుష్యునివే. రెండును ఒకే ఊటనుండి వచ్చినవి. తన్ను తానే కాపాడుకొనవలెనను తలంపు బలము కలిగినప్పుడు కొట్టును, బలము లేనప్పుడు బొంకును. భయము మనలను పరుగెత్తించుట మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు మనలను కఠినులనుగా కూడ చేయును. మన ఊరిలో ఎవరైన మనలను దూషించినప్పుడు, తిరిగి దూషింపవలెనని మనలో లేచునది ధైర్యమని భ్రమపడకుడి. అది చాలసార్లు భయమే.

2. ప్రభువు ముందుగా ప్రార్థించెను

పేతురు పడకముందే ప్రభువు అతని పతనమును ఎరిగియుండెను. ఎరిగి, అతనికి రెండు మాటలు చెప్పెను (లూకా 22:31, 32). సాతాను మిమ్మును గోధుమలను చెరిగినట్లు చెరుగ గోరియున్నాడనునది మొదటిది. నీ నమ్మిక పోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిననునది రెండవది. చేటలో గింజలు ఎగురుటయు, పొట్టు గాలికి పోవుటయు మన తల్లులు ప్రతిదినము చూచునదే. చెరుగుట గింజను నాశనము చేయుటకు కాదు. సాతాను పాడుచేయవలెనని చెరుగును. ప్రభువు ఆ చెరుగుటలోనే గింజను కాపాడును.

పేతురు ఎన్నడు భయపడకుండవలెనని ప్రభువు ప్రార్థించెనని వ్రాయబడలేదు. అతని నమ్మిక చచ్చిపోకుండవలెనని ప్రార్థించెను. అంతేకాదు, నీవు తిరిగినప్పుడు నీ సహోదరులకు బలమిమ్మని ముందుగానే పని అప్పగించెను. తిరిగి రాకముందే తిరిగి వచ్చిన తరువాతి పనిని గూర్చి మాటలాడు ప్రభువు ఎంత దయగలవాడు!

కోడి కూసినప్పుడు ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను. ఆ చూపులో శాపముండిన యెడల పేతురు యూదా పోయిన త్రోవనే పోయియుండును. అతడు వెలుపలికి పోయి వెక్కివెక్కి ఏడ్చెను, కాని విడువబడలేదు. తరువాత తిబెరియ సముద్రతీరమున మరల ఒక బొగ్గుల మంటయొద్ద ప్రభువు అతనిని నిలిపి, మూడుసార్లు బొంకినవానిని మూడుసార్లు ప్రేమను గూర్చి అడిగి, తన గొఱ్ఱెలను అప్పగించెను (యోహాను 21:9-17). హింసాభయమును జయించుటకు మొదటి మెట్టు ఇదియే: నేను భయస్థుడనని ప్రభువునకు తెలియును, తెలిసియు ఆయన నన్ను విడువలేదు అని నమ్ముట. తన పిరికితనమును దాచుకొనువాడు దానినుండి విడుదల పొందడు.

3. బెదరింపు వినిన సంఘము ఏమి అడిగెను?

కొన్ని వారములు గడిచెను. పెంతెకొస్తు దినమున పరిశుద్ధాత్మ దిగివచ్చెను. దేవాలయపు శృంగారద్వారము నొద్ద కుంటివాడు స్వస్థపడిన పిమ్మట పేతురును యోహానును పట్టబడి సభ యెదుట నిలువబెట్టబడిరి. ఆ సభలో ఎవరెవరు కూర్చుండిరి? అన్నయు కయపయు (అపొ. కార్య. 4:6). ఏ యింటి ముంగిట పేతురు చలికాచుకొనుచు బొంకెనో, ఆ యింటివారే ఇప్పుడు అతని న్యాయాధిపతులు. నాడు పనికత్తెకు జడిసినవాడు నేడు ఆమె యజమానునికి జడియలేదు. వీరు చదువులేని సామాన్యులని సభవారు ఆశ్చర్యపడి, వీరు యేసుతో కూడ ఉండినవారని గుర్తెరిగిరి (4:13). చదువు లేమి వారి ధైర్యమునకు అడ్డు రాలేదు. యేసుతో ఉండుట వారికి బలమాయెను. పల్లె సంఘములారా, ఈ వచనమును మరువకుడి.

సభవారు బెదరించి విడిచిపెట్టగా వారు నేరుగా తమవారి యొద్దకు పోయిరి (4:23). బెదరింపును కడుపులో దాచుకొని ఒంటరిగా కుమిలిపోలేదు. ఉన్నది ఉన్నట్లు సంఘముతో చెప్పిరి. సంఘము ప్రార్థించెను. ఆ ప్రార్థన ఎట్లు సాగెనో చూడుడి. మొదట భూమ్యాకాశములను చేసినవాడవు నీవని దేవుని గొప్పతనమును చెప్పుకొనిరి. రెండవ కీర్తనను జ్ఞాపకము చేసికొనిరి. హేరోదును, పిలాతును చేసినదంతయు దేవుని చేతిని మించి పోలేదని ఒప్పుకొనిరి. అటుపిమ్మట మాత్రమే తమ అవసరము అడిగిరి. ఏమని? బెదరించువారిని నశింపజేయుమని కాదు. తమ్మును సురక్షితమైన ఊరికి చేర్చుమని కూడ కాదు. వారి బెదరింపులను నీవు చూడుము, మాకు మాత్రము నీ వాక్యమును చెప్పు ధైర్యమిమ్ము అని అడిగిరి.

చాలసార్లు మన ప్రార్థన దీనికి తలక్రిందులుగా నుండును. శత్రువును గూర్చి అరగంటయు, దేవుని గూర్చి అరనిమిషమును మాటలాడుదుము. అందుచేత ప్రార్థించి లేచునప్పటికి శత్రువే పెద్దవాడుగా కనబడును. ఆదిసంఘము దేవుని గొప్పతనముతో మొదలుపెట్టెను; అందుచేత బెదరింపు తనంతట తానే చిన్నదాయెను.

4. రెండు సంకెళ్ల నడుమ నిద్ర

ఇప్పుడు పండ్రెండవ అధ్యాయమునకు రండి. మహా హేరోదు మనుమడైన హేరోదు అగ్రిప్ప రాజు సంఘమును హింసింప మొదలుపెట్టి, యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించెను. అది కొందరికి ఇష్టమాయెనని చూచి పేతురును కూడ పట్టించెను. నలుగురేసి సైనికులు గల నాలుగు జట్లు, అనగా పదునారుగురు, ఒక్క చేపలవానికి కావలి! పస్కా పండుగ దాటగానే అతనిని బయటికి తేవలెనని రాజు ఉద్దేశము. ఆ తెల్లవారవలసిన రాత్రి పేతురు ఏమి చేయుచుండెను? ఇద్దరు సైనికుల మధ్య, రెండు సంకెళ్లతో కట్టబడి, నిద్రించుచుండెను (12:6). దేవదూత ప్రక్క తట్టి లేపవలసి వచ్చునంతటి గాఢనిద్ర!

ఒలీవల కొండమీద మెలకువగా నుండవలసినప్పుడు నిద్రపోయినవాడు, చెరసాలలో నిద్రపట్టక అల్లాడవలసిన రాత్రి నిద్రించెను. మొదటి నిద్ర ప్రార్థింపని బలహీనుని నిద్ర. ఈ నిద్ర తన భారమును వేరొకనిమీద పెట్టినవాని నిద్ర. మన చింత యావత్తును దేవునిమీద వేయవలెనని తరువాత అతడే తన పత్రికలో వ్రాసెను (1 పేతురు 5:7). సంకెళ్లతో నిద్రించినవాడు వ్రాసిన మాట అది.

ఇచ్చట ఒక కష్టమైన ప్రశ్న కలదు. దానిని దాటిపోరాదు. పేతురు విడిపింపబడెను, యాకోబు చంపబడెను. ఇద్దరును చేపల వృత్తినుండి పిలువబడినవారు, ఇద్దరును ప్రభువునకు మిక్కిలి ప్రియులు. ఒకని యింటికి సంతోషము, ఒకని తల్లికి దుఃఖము. ఎందుకు? లూకా కారణము వ్రాయలేదు. యాకోబు నమ్మిక తక్కువైనదని ఒక్క మాటయు లేదు. కావున కష్టము వచ్చిన కుటుంబమును చూచి మీ విశ్వాసము చాలలేదని చెప్పువాడు లేఖనములో లేనిది చెప్పుచున్నాడు.

దేవునియందు నమ్మిక యనగా నాకేమియు జరుగదను బేరము కాదు. దానియేలు గ్రంథము 3:17, 18లో ముగ్గురు యౌవనులు రాజుతో చెప్పినది చదువుడి. దేవుడు మమ్మును తప్పింపగలడు. ఒకవేళ తప్పింపకపోయినను నీ ప్రతిమకు మ్రొక్కము అనునది వారి మాటల సారము. తప్పింపగలడని నమ్ముట సగము. తప్పింపకపోయినను ఆయన మంచివాడేయని నమ్ముట తక్కిన సగము. రెండవ సగము నేర్చినవానిని భయపెట్టుట ఏ రాజునకును సులభము కాదు.

దూత వెంట ఇనుప గవిని దాటి వచ్చిన పేతురు, మార్కు అను మారుపేరుగల యోహాను తల్లియైన మరియ యింటికి పోయి తలుపు తట్టెను. అక్కడ అనేకులు కూడి ప్రార్థించుచుండిరి. తలుపునొద్దకు వచ్చినది ఎవరు? రోదే అను ఒక చిన్నది. ఒకప్పుడు ద్వారమునొద్ద ఒక పనికత్తె గొంతు విని పేతురు వణకెను. ఇప్పుడు ద్వారమునొద్ద అతని గొంతు విని ఒక చిన్నది సంతోషముచేత తలుపు తీయుటయే మరచి లోపలికి పరుగెత్తెను. పేతురుకొరకు ప్రార్థించుచున్నవారే ఆమె మాట నమ్మక, నీవు వెఱ్ఱిదానవనిరి. ఆ సంఘము నమ్మిక కూడ అంత గొప్పది కాదు. అయినను దేవుడు వారి ప్రార్థన వినెను. ఇది మనకెంత ఆదరణ!

5. వరి పండించు దేశములో ఒక సంఘము

ఇదంతయు అపొస్తలులకే చెల్లును, మనవంటివారి వల్ల కాదని మీరనవచ్చును. అందుచేత తరువాతి కాలపు సంఘమొకదానిని చూతము. ఆఫ్రికా ఖండమునకు తూర్పున హిందూ మహాసముద్రములో మడగాస్కరు అను పెద్ద ద్వీపమున్నది. అక్కడి జనులు మనవలెనే వరి పండించి అన్నము తినువారు. 1818లో వేల్సు దేశస్థులైన జోన్సు, బెవను అను ఇద్దరు మిషనరీలు లండన్ మిషనరీ సొసైటీవారిచేత పంపబడి అక్కడికి పోయిరి. కొద్ది నెలలలోనే బెవను, అతని భార్య, బిడ్డయు, జోన్సు భార్యయు, బిడ్డయు జ్వరముచేత మృతినొందిరి. జోన్సు ఒక్కడే మిగిలెను. అతడు కోలుకొని 1820లో రాజధానియైన అంటనానరివోకు చేరి పాఠశాల పెట్టెను. రాజైన మొదటి రదామ ఆదరించెను. పిల్లలు చదువు నేర్చిరి, కొందరు క్రీస్తును నమ్మిరి.

1828లో రదామ చనిపోగా, మొదటి రనవలోన రాణి సింహాసనమెక్కెను. పరదేశీయుల బలము తన రాజ్యములో పెరుగునని ఆమె భయపడెను. 1835లో తన ప్రజలు క్రైస్తవమతమును అవలంబింపరాదని ఆజ్ఞ యిచ్చెను. మలగసీ భాషలో బైబిలు పూర్తిగా అచ్చుపడినదియు ఆ 1835లోనే. 1836కెల్ల మిషనరీలందరు ద్వీపము విడువవలసి వచ్చెను. చేతిలో క్రొత్తగా అచ్చుపడిన బైబిలు, తలమీద రాజాజ్ఞ, పక్కన బోధకుడు లేడు. ఇట్టి స్థితిలో ఆ చిన్న సంఘము మిగిలెను. ఆజ్ఞకు జడిసి మానుకొన్నవారును కలరు. వారు మనవంటి మనుష్యులే. మిగిలినవారు బైబిళ్లను భూమిలో పాతిపెట్టి, రాత్రులందు రహస్యముగా కూడుకొని చదువుకొనిరి.

1837 ఆగస్టు 14న రసలామ అను స్త్రీని అంబోహిపోట్సి అనుచోటికి తీసికొనిపోయి ఈటెలతో పొడిచి చంపిరి. ఆమె త్రోవ పొడుగునను కీర్తనలు పాడుచు పోయి, మోకరించి ప్రార్థించుచు ప్రాణము విడిచెను. మడగాస్కరు సంఘపు మొదటి హతసాక్షి ఆమెయే. 1849లో నలుగురు ప్రముఖ కుటుంబీకులు సజీవదహనము చేయబడిరి. పదునలుగురు రాజధానిలోని ఎత్తైన బండమీదనుండి క్రిందికి త్రోయబడిరి. ఇంక ఎందరో జరిమానాలు, దెబ్బలు, బానిసత్వము ననుభవించిరి.

1861లో రాణి మరణించెను. ఆమె కుమారుడు స్వాతంత్ర్యమిచ్చెను. 1862లో మిషనరీలు తిరిగి వచ్చి చూచునప్పటికి, చచ్చిపోయియుండునని లోకము తలంచిన సంఘము చావకపోవుటయే కాక పెరిగియుండెను. 1869లో రెండవ రనవలోన రాణి తానే బాప్తిస్మము పొందెను. హతసాక్షులు ప్రాణము విడిచిన స్థలములలో రాతి దేవాలయములు కట్టబడెను.

అయినను మనము దీనిని ఇట్లు చెప్పుకొనరాదు: "కష్టపడితిరి, తుదకు గెలిచిరి, కావున మనమును గెలుతుము." రసలామ ఆ దేవాలయములను చూడలేదు. రాణి బాప్తిస్మమును గూర్చి ఆమెకు తెలియదు. ఆమె చూచినది ఈటెలను మాత్రమే. నమ్మినది ప్రభువును మాత్రమే. ఫలితము చూచి నమ్ముట సులభము. ఆమె ఫలితము చూడకయే నమ్మెను.

6. పేతురు మనకు చెప్పు బుద్ధి

పేతురు తన మొదటి పత్రికను శ్రమలలోనున్న చిన్న చిన్న సంఘములకు వ్రాసెను. దానినుండియు, అతని జీవితమునుండియు మనము ఐదు సంగతులు నేర్చుకొందము.

(అ) శ్రమలన్నియు హింస కావు. దొంగతనము, పరుల జోలికి పోవుట మొదలగు తప్పులచేత ఎవడును బాధపడరాదని 1 పేతురు 4:15లో నున్నది. తీసికొన్న అప్పు తీర్చక, గట్టు జరిపి, త్రాగి కలహించి మాట పడిన యెడల అది క్రీస్తు నిమిత్తమైన శ్రమ కాదు. ఇతరుల దేవతలను దూషించి కోపము తెచ్చుకొనుటయు సాక్ష్యము కాదు. పౌలు అనుచరులు తమ దేవతను దూషింపలేదని ఎఫెసు పట్టణపు కరణమే సాక్ష్యమిచ్చెను (అపొ. కార్య. 19:37). మనలను గూర్చి మన ఊరివారు అట్లు చెప్పగలరా?

(ఆ) తొలగిపోవుట ఎల్లప్పుడు పిరికితనము కాదు. ఒక ఊరిలో హింసించినయెడల మరియొక ఊరికి పొండని ప్రభువే చెప్పెను (మత్తయి 10:23). చెరసాలనుండి వచ్చిన పేతురు కూడ వేరొక చోటికి వెళ్లెను (12:17). పౌలు తన రోమా పౌరసత్వపు హక్కును చెప్పుకొనెను, కైసరునకు చెప్పుకొందునని అడిగెను. మన దేశపు రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి అమలులో నున్నది. ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యములకు లోబడి, మనస్సాక్షి స్వాతంత్ర్యమును, తన మతమును అవలంబించి ప్రచారము చేయు హక్కును దాని 25వ అధికరణము అందరికిని ఇచ్చుచున్నది. అన్యాయము జరిగినప్పుడు పెద్దలతోను, అధికారులతోను నెమ్మదిగా చెప్పుకొనుట విశ్వాసలోపము కాదు. పగ తీర్చుకొనుట మాత్రమే కూడదు.

(ఇ) ఒంటరిగా నుండకుడి. మంటయొద్ద ఒంటరియైన పేతురు పడెను. తనవారియొద్దకు పోయిన పేతురు నిలిచెను. ఒక కుటుంబమునకు కూలి పోయినయెడల తక్కిన యిండ్లవారు పిడికెడు బియ్యము చొప్పున కూర్చి వారి పొయ్యి మండునట్లు చేయవలెను. ప్రార్థించెదమని చెప్పి వట్టి చేతులతో వచ్చుట చాలదు.

(ఈ) సిద్ధముగా నుండుడి, సాత్వికముగా నుండుడి. మనుష్యులకు భయపడుట మాని క్రీస్తును హృదయములో ప్రభువుగా ప్రతిష్ఠించుకొని, మన నిరీక్షణను గూర్చి అడుగువారికి మృదువుగాను గౌరవముతోను ఉత్తరమియ్యవలెనని మన కంఠస్థ వాక్యముల భావము. హృదయములో ఒకే సింహాసనమున్నది. దానిమీద ప్రభువు కూర్చున్నప్పుడు భయము నేలమీద కూర్చుండవలసినదే. అడుగు ప్రతివాడును శత్రువు కాడు. కొందరు ఊరక తెలిసికొనగోరి అడుగుదురు, కొందరు తమ దుఃఖమునుబట్టి అడుగుదురు.

(ఉ) పడినవానిని త్రోసివేయకుడి. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తియైన డెసియస్ అందరును దేవతలకు బలి అర్పింపవలెనని ఆజ్ఞాపించినప్పుడు అనేక క్రైస్తవులు జడిసి అర్పించిరి. తరువాత వారు ఏడ్చుచు తిరిగి రాగా, వారిని చేర్చుకొనవచ్చునా యను వాదము పుట్టెను. కార్తేజి అధ్యక్షుడైన సిప్రియనును అతని తోడివారును 251లో కూడుకొని, నిజముగా పశ్చాత్తాపపడినవారికి ద్వారము మూయరాదని నిర్ణయించిరి. బంధువుల ఒత్తిడిచేత కొంతకాలము గుడికి రాక మానిన సహోదరుడు సిగ్గుతో వెనుక వరుసలో వచ్చి కూర్చున్నప్పుడు, అతనిని తేరిపార చూడకుడి. ప్రక్కకు జరిగి చోటియ్యుడి. ప్రభువు పేతురునకు చోటిచ్చెను.

7. ముగింపు

నీరో చక్రవర్తి కాలమున రోమాపురములో పేతురు హతసాక్షియాయెనని ఆదిసంఘపు సాంప్రదాయము. చెరకైనను చావుకైనను వత్తునని యౌవనములో చేసిన ప్రమాణమును అతడు తుదకు నెరవేర్చెను; కాని తన బలముచేత కాదు. మొదట తన ప్రమాణమును నమ్ముకొనెను, పడెను. తరువాత తనకొరకు ప్రార్థించిన ప్రభువును నమ్ముకొనెను, నిలిచెను.

బస్సులో జరిగిన దానిని నేను నేటికిని మరువలేదు. ఇప్పుడును ప్రక్కవారు నా చేతిలోని పుస్తకమును చూచినప్పుడు గుండె ఒక్కసారి కొట్టుకొనును. అయితే దానిని సంచిలో దాచుట మానివేసితిని. ఎవరైన అడిగినయెడల, "బైబిలండి, కావలసినయెడల చూడుడి" అని చెప్పి చేతికిత్తును. భయము పోయినదని చెప్పను. భయముకంటె గొప్పవాడు నాతో నున్నాడని మాత్రము చెప్పగలను. కాసునకు అమ్మబడు పిచ్చుకలను లెక్కించు తండ్రి (మత్తయి 10:29-31) మన బావిని, మన పొలమును, మన బిడ్డల పెండ్లిండ్లను కూడ ఎరుగును. ఈ రాత్రి మీ యింట భయము కూర్చున్నయెడల, దాని పేరు ప్రభువుతో చెప్పుడి. తరువాత దీపమార్పి పండుకొనుడి. పేతురును కాచినవాడు మేలుకొనియే యున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పేతురు పతనమునకు ముందు జరిగిన సంగతులను వరుసగా చెప్పుడి. వాటిలో ఏది మీ జీవితములో కనబడుచున్నది?
2. అపొ. కార్య. 4:24-30లోని ప్రార్థనలో సంఘము ఏమి అడిగెను, ఏమి అడుగలేదు?
3. యాకోబు చంపబడి పేతురు విడిపింపబడుటనుండి నమ్మికను గూర్చి ఏమి నేర్చుకొందుము?
4. మన తప్పులచేత వచ్చు శ్రమకును, క్రీస్తు నిమిత్తము వచ్చు శ్రమకును భేదమేమి?
5. భయముచేత సంఘమునకు దూరమైన కుటుంబము మీ ఊరిలో నున్నదా? ఈ నెలలో వారి యింటికి ఎవరు పోవుదురు? పేర్లు వ్రాసికొనుడి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా భయములు నీకు తెలియును. మేము దాచినను నీవు చూచుచున్నావు. మావైపు తిరిగి చూడుము. మమ్మును బాధించువారిని ద్వేషింపని మనస్సును, అడుగువారికి మృదువుగా ఉత్తరమిచ్చు నోటిని మాకు దయచేయుము. శ్రమలోనున్న మా సహోదరులను విడిపించుము. విడిపింపని యెడల వారితో నుండుము. పడినవారిని లేపుము. మా కొరకు విజ్ఞాపన చేయుచున్న నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.